అన్న కాలి పుండు, నా జెల్

ఆదివారం, ఆర్మూర్

పొద్దున నేను ఇంట్ల అడుగు పెట్టంగనే అన్న కాలికి కట్టిన బట్ట విప్పి చూపించిండు. షుగర్ పుండు. బొటనవేలు నల్లగయింది. పసుపు ఉడకబెట్టే పనుల పడి ఇన్నాళ్లు ఎవ్వరికీ చెప్పలేదట.

"ల్యాబ్‌ల చేస్తున్న జెల్ తెచ్చినవా?" అనడిగిండు.

మక్కజొన్నల నుంచి తీసిన స్టార్చ్‌ను రసాయనాలతోని మార్చి, పుండును తడిగ ఉంచి జల్ది మానేటట్టు చేస్తున్న జెల్ అది. మొదట్ల మక్కలు అన్న చేన్ల నుంచే తీస్కపోయిన. ఇప్పటిదాంక ఎలుకల మీదనే పెట్టి చూసినం.

"నా మక్కలతోని చేసిన దవాయి నాకే పెట్టవా?" అన్నడు.

వదిన నా చెయ్యి వట్టుకున్నది. "ఎలుకలకు మానింది గదా సుజాతా, మనిషికి మానదా?"

"మానొచ్చు వదినా, ఇంకా ముదరొచ్చు గూడ. ఏమైతదో నాకే తెల్వది. నేను పెట్ట" అని చెప్పిన.

మధ్యాహ్నం నిజామాబాద్ దవాఖానకు తీస్కపోయిన. వేలు అప్పటికే సచ్చిపోయిందట. తియ్యకుంటే పాదం గూడ పోతదన్నడు డాక్టర్. రేపు ఆపరేషన్.

అప్పటి సంది వదిన నాతోని మాట్లాడుడు బంద్ చేసింది. నేను చేసింది కరెక్టే. అయినా ఆమె మొఖం చూడలేకపోతున్న.

నేను ఇంటికి బయల్దేరుతుంటే అన్న మంచం మీది నుంచే పిలిచిండు. "దాన్ని మంచిగ తయారుచెయ్యి. మనుషులకు పెట్టొచ్చని తేలినంక ఫస్ట్ నాకే తే. ఇంకో కాలు ఉన్నది గదా" అని నవ్విండు.

నాకు నవ్వు రాలే. తెస్త అని చెప్పిన. ఎప్పుడని అడుగుతడేమోనని జల్ది బయటికొచ్చిన.