జరగకముందు సాక్ష్యం

గౌడవెల్లి,
శనివారం, 18 ఆగస్టు 2001.

అక్క సత్తమ్మకు తమ్ముడు సిద్దిరాములు ప్రభువు పేర వందనాలు చెప్పి రాయునది. బావకు, పిల్లలకు కూడా నా వందనాలు. షామీర్‌పేటలో మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమంగా లేము. ఉత్తరంలో అలా రాయకూడదంటారు, అయినా రాస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. రాజమణికి మళ్లీ మూర్ఛ వచ్చిందంటే నా విశ్వాసం చాలకపోవడం వల్లేనని రాశావు. అక్కా, నీకు దండం పెడతాను, ఆ మాట ఇంకోసారి అనకు. పోయిన నెల మా చర్చి సంఘానికి వచ్చి, నమ్మినవాడు స్వస్థత జరగకముందే జరిగిందని సాక్ష్యం చెప్పాలని నా వెంట పడింది నువ్వే. సరేనని లేచి, నా భార్యకు మూర్ఛరోగం నయమైపోయిందని అందరి ముందు చెప్పాను. అందరూ స్తోత్రమన్నారు. నువ్వు సంతోషంగా బస్సెక్కి పోయావు.

ఆ మర్నాటి నుంచి రాజమణి మూర్ఛకు వాడే గోలీలు మానేసింది. మింగితే నా సాక్ష్యం అబద్ధమవుతుందట. మొన్న బోరింగు దగ్గర బిందెతో సహా పడి పన్ను విరగ్గొట్టుకుంది. డాక్టరు తిట్టాడు. పాస్టరుగారు కూడా మింగమనే చెప్పారు. వింటేనా? "నువ్వు దేవుని ముంగట జెప్పినవ్. ఇగ నేను గోలి మింగి నిన్ను అబద్దాలకోరును జెయ్యాల్నా?" అంటుంది. ఈసారి పొయ్యి మీద పడితే ఏం చేయాలి?

ఇక దేవుడి సంగతి. దాణా ఫ్యాక్టరీకి సైకిలు తొక్కుతూ రోజూ ఆయనతో పోట్లాడుతున్నాను. ఒక్క ఆడమనిషిని బాగుచేయడం ఆయనకేం బరువని అడిగాను. అసలు వింటున్నాడా అని అనుమానం వస్తోంది. విసిగిపోయాను. రేపటి నుంచి చర్చి గడప తొక్కను. నువ్వు నచ్చజెప్పడానికి రావద్దు. వచ్చావా, చాయ్ తాగి వెళ్లు, అంతే.

ఇట్లు,
నీ మాట విని చెడిన తమ్ముడు,
సిద్దిరాములు

తా.క. ఆదివారం సాయంత్రం రాస్తున్నాను. ఉత్తరం ఇంకా డబ్బాలో వేయలేదు, ఇంతలో నేను రాసింది అబద్ధమైంది. పొద్దున చర్చికి వెళ్లాను. సాక్ష్యాల వేళ లేచి, "నా పెండ్లాంకు మూర్ఛరోగం పోలే. నేను జెప్పింది తప్పు. దేవుడు ఎందుకు బాగుజేస్తలేడో నాకు దెల్వదు. అయినా ఆయన్ని ఇడిసి నేను యాడికీ పోను" అన్నాను. ఒక్కరూ స్తోత్రమనలేదు. ఆడవాళ్ల వైపు రాజమణి మాత్రం లేచింది. కొంగుముడి విప్పి గోలి తీసి, నీళ్లడిగి, అందరి ముందే మింగింది.