హెప్సిబాకు దొరికిన పసి గెలాక్సీ

పూణె, జూన్ 10

ఏబేలు మామయ్యకు, పిచ్చమ్మ అత్తకు హెప్సిబా వందనాలు.

మామయ్యా, ఫోన్‌లో చెబితే నీకు వినపడదు కదా, అందుకే రాస్తున్నాను. నా పరిశోధనలో ఒక పసి గెలాక్సీ దొరికింది. గెలాక్సీ అంటే కోట్ల నక్షత్రాల గుంపు. దాని వెలుగు మనల్ని చేరడానికి పదమూడు వందల కోట్ల ఏళ్లు పట్టింది. అందుకే దాని పసితనమే ఇప్పుడు కనిపిస్తోంది. ఆ వెలుగును బట్టి ఏటా ఎన్ని నక్షత్రాలు పుడుతున్నాయో లెక్కగడతాం. ఇది వయసుకు మించి ఎదిగింది!

మీ హెప్సిబా

తా.క. అత్త కడుపునొప్పి తగ్గిందా?

పెద్దారవీడు, జూన్ 20

అమ్మాయి హెప్సిబాకు మామ దీవెనలు.

పసిబిడ్డ దొరికిందని రాసినావు. ఎవురి బిడ్డ? పెండ్లి కాకముందే ఇదేంది తల్లీ? మీ అత్త గౌను కుట్టిస్తానంటాంది. చర్చిలో ప్రార్థన కూడా పెట్టించినాం.

మీ మామ ఏబేలు

తా.క. నొప్పి అట్లే ఉంది. మార్కాపురం డాక్టరు ఏందో పరీక్షలు రాసినాడు. బిడ్డ బరువెంతో రాయి.

పూణె, జులై 2

మామయ్యా, వందనాలు.

అది బిడ్డ కాదు, ఆకాశంలో ఉంది! బరువు వెయ్యి కోట్ల సూర్యుళ్లంత. అందులో గ్యాసు చల్లబడి ముద్దకడితే నక్షత్రం పుడుతుంది. గ్యాసు అయిపోతే పుట్టుక ఆగిపోతుంది. దయచేసి ప్రార్థన ఆపించు.

హెప్సిబా

తా.క. పరీక్షల్లో ఏం తేలింది?

పెద్దారవీడు, జులై 15

అమ్మాయికి దీవెనలు.

గ్యాసు అయిపోతే కాన్పులు ఆగిపోతాయని పాస్టరు ప్రభుదాస్ గారికి చెప్పినా. ఆయనకు ఆరుగురు పిల్లలు. "మాది కట్టెల పొయ్యి గదా ఏబేలూ, మరి ఆరుగురు ఎట్ల పుట్టినారు?" అన్నాడు. జవాబు రాయి.

మీ మామ

తా.క. అత్త మంచంలోనే ఉంది. తొందరగా రాయి.

పూణె, ఆగస్టు 5

మామయ్యా,

అంతా పోయింది. పెద్ద టెలిస్కోపుతో వెలుగును రంగులుగా విడదీసి చూస్తే నా గెలాక్సీ పసిదీ కాదు, అంత దూరానిదీ కాదు. దూరం పెరిగేకొద్దీ గెలాక్సీ వెలుగు ఎర్రబడుతుంది. ఇది లోపలి దుమ్ము వల్ల ఎర్రగా కనిపిస్తే, దూరం వల్ల అనుకున్నాను. రెండేళ్ల పని. ఇదంతా వదిలేసి ఇంటికి వచ్చేయాలనుంది. ఈ ఒక్క ఉత్తరమైనా సరిగ్గా చదువు మామయ్యా.

హెప్సిబా

పెద్దారవీడు, ఆగస్టు 16

అమ్మా,

మొదటినుంచీ సరిగ్గానే చదువుకున్నా. మీ అత్తకు క్యాన్సరని జూన్‌లోనే చెప్పినారు. ఎవురికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. ఆమెకు చదువు రాదు గదా. నీ ఉత్తరాన్ని నేను తప్పుగా చదివి వినిపిస్తే నొప్పి మరిచి నవ్వేది. జవాబులు కూడా ఆమె ముందరే రాసినా. పాస్టరుకు నేనేమీ చెప్పలేదు.

నీ చివరి ఉత్తరం మాత్రం ఉన్నదున్నట్లు చదివినా. మీ అత్త అంతా విని, "దుమ్మని కనిపెట్టింది కూడా ఆ పిల్లే గదా. పని ఇడిసిపెట్టి రావద్దని రాయి" అన్నది. మొన్న బుధవారం పోయింది. నీకు ఫోన్ చేయించొద్దని కూడా ముందే చెప్పింది.

మీ మామ ఏబేలు

తా.క. ఉత్తరాలు ఆపొద్దు తల్లీ. ఇంక తప్పుగా చదవను. నవ్వేవాళ్లు లేరు.