బోట్ల చెరువు కట్ట కింద మనుషులున్నారు

తేది: 24-9-2025
దిగువ కాలనీ, పెద్దమందడి మండలం

చిన్న ఆనకట్టల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా కాలనీ పైన గల ప్రైవేటు విహార చెరువు కట్టను ‘తక్కువ ప్రమాదం’ తరగతి నుండి తీసి ‘ఎక్కువ ప్రమాదం’ తరగతిలో చేర్చుట గురించి.

పై విషయమునకు సంబంధించి మట్టిపని మేస్త్రీనైన ఇస్రాయేలు అను నేను, పదకొండు కుటుంబాల తరఫున మనవి చేయునది. ఇదే విషయమై ఇది నా నాలుగవ అర్జీ. మొదటి మూడింటిలో మర్యాదగా వ్రాసితిని.

1. మా ఇండ్లకు రెండు వందల గజాల ఎగువన, వాగుకు అడ్డంగా ఒక విడిది (రిసార్టు) వారు కట్ట పోసి చెరువు చేసినారు. అందులో వారాంతమున పట్నం వాళ్లు కాళ్లతో తొక్కే బోట్లలో తిరుగుదురు. తిరగనివ్వండి, మాకేమీ అభ్యంతరం లేదు. కాని బోట్లు అడుగున తట్టుకొనుచున్నవని చెప్పి నీరు పొర్లిపోయే మత్తడి మీద అడుగున్నర ఎత్తు ఇటుక కట్టినారు. వాన నీరు మత్తడి మీదుగా పోకపోతే కట్ట మీదుగా పోవును. మట్టి కట్ట మీదుగా నీరు పోతే ఏమగునో తమకు నేను చెప్పవలసిన పని లేదు.

2. నేను ముప్పై రెండేండ్లు మహారాష్ట్రలోనూ గుజరాతులోనూ కట్టలు పోసిన మనిషిని. ఈ కట్ట అడుగున ఊట ఉన్నది. తేట నీరు వచ్చినంతకాలం నేను నోరు మెదపలేదు. ఆగస్టు నుండి మట్టి రంగు నీరు వచ్చుచున్నది. అనగా కట్ట లోపల కరుగుచున్నది. విడిది మేనేజరుకు చూపితే, “సర్కారోళ్లే తక్కువ ప్రమాదమని రాసిన్రు. నీకంటె ఎక్కువ తెల్వదా వాళ్లకు?” అన్నాడు.

3. ఆగస్టు పద్నాలుగున పొద్దున పది గంటలకు వాన జోరందుకొని కట్ట మీద నుండి నీరు దుంకి, మా ఇండ్లలో మోకాలు లోతు వచ్చినది. మగవాళ్లమందరమూ పనికి పోయినాము. నా కోడలు రజిత, నెల నిండని పసిపిల్లను ఎత్తుకొని మంచం మీద నిలబడినది. మంచం కదిలినదట. అది చెప్పినప్పటి నుండి నా కొడుకు వినయ్‌కు వాన చప్పుడైతే అన్నం దిగుట లేదు.

4. ఇంత జరిగినా కట్టకు మరమ్మతు లేదు, హెచ్చరిక సైరన్ లేదు. ఎందుకు లేదని తమ ఆఫీసులో అడిగితే గుమస్తా గారు కాగితాలు తిప్పి ఇట్లనిరి: “దిగువన మనుషులు లేరని రిపోర్టు ఉంది పెద్దాయనా. లేనోళ్లకు సైరన్ ఎందుకు పెడతరు?”

“మరి నేనెవర్ని సారూ?” అంటిని.

“నువ్వున్నవు గని, రికార్డుల లేవు,” అనిరి.

5. ఆ రిపోర్టు అడిగి తీసుకొని చదివితిని. తనిఖీ జరిగినది ఫిబ్రవరి పద్దెనిమిదిన. “దిగువన ముండ్లకంపతో మూసిన పాడుబడ్డ పశువుల కొట్టములు పదకొండు. మానవ సంచారము లేదు” అని ఉన్నది. ఎగువన బోట్లు నాలుగు, బాతులు ఇరవై రెండు అని కూడ ఉన్నది. అయ్యా, బాతులకు ఈత వచ్చును. వాటిని లెక్కపెట్టిరి.

6. అవి కొట్టములు కావు, మా ఇండ్లు. దసరా పోయినాక ముసలివారిని కూతుళ్ల ఇండ్లలోనూ, బడి పిల్లలను హాస్టళ్లలోనూ దించి, అందరమూ వలస పోయి, మళ్లీ వానలకు వచ్చెదము. పోయేముందు కుక్కలు జొరబడకుండ తలుపులకు తుమ్మకంప అడ్డం పెట్టుట మా అలవాటు. పోయినసారి పదకొండు తలుపులకూ దగ్గరుండి కంప పెట్టించినది నేనే. నా చేతులతో నేనే మా వాళ్లను లేకుండ చేసితిని. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది, కోపముగానూ ఉన్నది. కాని కంప తీసి చూసి ఉంటే లోపల పొయ్యి, గోడకు యేసుప్రభువు పటము, నిరుటి క్యాలెండరు కనబడేవి గదా! పశువులు క్యాలెండరు పెట్టుకొనునా?

7. మా గుంపు అక్టోబరు పదమూడున పుణె వైపు బయలుదేరవలెను. పోకుంటే తిండి లేదు. పోతే మళ్లీ మేము లేనట్టే. కావున ఆలోపు తనిఖీ చేయించి, మమ్ములను మనుషులుగా నమోదు చేసి, కట్ట తరగతి మార్చి, ముందుగా ఆ ఇటుక వరుస పగులగొట్టించవలెను. పదమూడు లోపల వీలుకాదంటే, మేము వచ్చిన తర్వాత జూన్‌లోనైనా రావలెను. అంతవరకు కట్ట ఉంటే.

ఆఫీసులో కూర్చొని కాక, మా వాకిట్లో నిలబడి ఆ కట్ట వైపు తల ఎత్తి ఈ అర్జీని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ప్రస్తుతము ఇక్కడనే నివసించువాడు,
ఇస్రాయేలు

మరొక్క మనవి: సంతకం పెట్టినాక ఈ అర్జీ ఇంట్లో చదివి వినిపించితిని. జూన్ మాట వినగానే నా భార్య బాలమ్మ లేచి నిలబడినది. ఆమె చెప్పినది చెప్పినట్టు వ్రాయుచున్నాను:

“జూన్ దాంక ఏంది? ఆ మాట కొట్టెయ్. సారూ, వీళ్లంత పోతరు, నేను పోను. మీరు ఎప్పుడొస్తరో నాకు తెల్వదు. వచ్చేదాంక తలుపు తెరుసుకొని వాకిట్లనే కూసుంట. కాగితంల ఒక్క మనిషి ఉన్నదని రాసుకోండ్రి. ఒక్కరైతె చాలదంటె జర ముందుగాల చెప్పుండ్రి, మా చెల్లెను గూడ పిలిపిస్త.”

అయ్యా, ఎంత చెప్పినా వినుట లేదు. పెండ్లయిన నాటి నుండి ఆమె లేకుండ నేను వలస పోయింది లేదు. గుంపును ఆపలేను, ఆమెను ఆ కట్ట కింద ఒక్కదాన్ని విడిచి పోలేను. జర జల్ది రాండ్రి సారూ.