అయిదు మీటర్లు, మూడు నిమిషాలు

జూన్ 15, ఆదివారం
గాలి తూర్పు నుంచి, పది నాట్ల వేగం. సముద్రం మామూలు. డీజిలు మళ్ళీ ఎక్కువ తాగింది. కారణం తెలియదు.

ఇరవై ఆరేళ్ళుగా ఈ పుస్తకంలో గాలి, డీజిలు, ఎక్కినవాళ్ళు, దిగినవాళ్ళు తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ ఒక నిర్ణయం రాస్తున్నాను.

డైవింగ్ షాపు యజమానురాలు బ్రిగిటా పొద్దున పిలిచింది. ఇన్సూరెన్సు వాళ్ళ కొత్త రూలట. జూలై ఒకటి నుంచి డైవింగ్ పడవ నడిపే సరంగుకి కూడా డైవింగ్ సర్టిఫికెట్ ఉండాలి. లేకపోతే ఒడ్డున కూర్చుని సిలిండర్లకి గాలి నింపుకోవాలి.

"మరి పడవ ఎవరు నడుపుతారు?" అన్నాను.

"క్లీవన్‌కి సర్టిఫికెట్ ఉంది కదా కెప్టెన్!"

క్లీవన్ నా భార్య తమ్ముడు. నా పడవలో కళాసీ. వయసు నలభై ఒకటి. రేవుకి పడవ ఆనించమంటే రేవుని పడవకి ఆనిస్తాడు. 'మిస్ ఇర్మా'ని పందొమ్మిదేళ్ళ కింద నా చేతులతో కట్టాను. షాపుకి అమ్మినా పేరు మాత్రం నా భార్యదే ఉంచమన్నాను. ఆ పడవని వాడి చేతికి ఇవ్వను.

ఇన్నేళ్ళలో నీళ్ళ కిందికి ఒక్కసారీ దిగలేదు. అందరూ కిందికి పోతే పైన పడవ ఎవరు చూస్తారు?

నిర్ణయాలు:
1. నాలుగు రోజుల కోర్సు. నాలుగు డైవులు. ఇరవయ్యో తేదీకల్లా సర్టిఫికెట్.
2. సాకులు చెప్పను.
3. డైవింగ్ సూటులో ఒంటేలు పోయను. (ఇది నేనే పడవలో బోర్డు రాసి పెట్టిన రూలు. దొరికినవాడు అందరి సూట్లూ ఉతకాలి.)

వీపున సంచీ తగిలించుకుని వచ్చే పిల్లలు, నిచ్చెన ఎక్కడం కూడా రానివాళ్ళు, నాలుగు రోజుల్లో నేర్చుకుని పోతున్నారు. నాకెంతసేపు!

జూన్ 16, సోమవారం
గాలి తూర్పు, ఎనిమిది నాట్లు.

ఉదయం 8:00. క్లాసు. పాఠం చెప్పేది నెరిస్సా, మా చెల్లెలి కూతురు, ఇరవై నాలుగేళ్ళు. దీనికి పళ్ళు ఊడినప్పుడు నేనే దారం కట్టి లాగాను. ఇప్పుడు నాకు పలక మీద బొమ్మలు గీసి ఊపిరితిత్తులు చూపిస్తోంది. పక్కన ఇద్దరు సంచీ పిల్లలు. అర్జెంటీనా కుర్రాడు నావెల్, డచ్చి అమ్మాయి మారైకె. ఇద్దరూ నన్ను చూసి లేచి నిలబడ్డారు. కెప్టెన్ వచ్చి పరీక్ష పెడతాడనుకున్నారట.

పది ప్రశ్నలకి తొమ్మిది రైటు. తప్పయింది ఇది: "పైకి వచ్చాక పడవ కనబడకపోతే ఏం చేయాలి?" నేను రాసింది: "అలా జరగదు."

"మామయ్యా, ఇది పరీక్ష. నీ ఆత్మకథ కాదు" అంది నెరిస్సా.

సాయంత్రం ఇర్మా శంఖు నత్తల పులుసు చేసింది. రెండు గిన్నెలు తాగాను. బాగా నిద్ర పట్టేట్టుంది.

జూన్ 17, మంగళవారం
గాలి లేదు. ఇసుక దోమలున్నాయి.

9:10. రేవు పక్కన, నడుము లోతు నీళ్ళు. నా సైజు సూటు ఒక్కటే దొరికింది. గులాబి రంగు.

9:30. నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని ఊపిరి పీల్చాను. తేలిక! ఇంత తేలికైన పనికి సర్టిఫికెట్ ఎందుకో!

9:45. మాస్కులోకి సగం నీళ్ళు రానిచ్చి, ముక్కుతో ఊది బయటికి పంపాలి. నీళ్ళు రానిచ్చాను. లేచి నిలబడ్డాను.

9:50. మళ్ళీ లేచాను.

10:30. ఇంకా లేస్తూనే ఉన్నాను. రేవు మీద కొబ్బరి రొట్టెలు అమ్మే ఆడవాళ్ళు అమ్మకం ఆపేసి కూర్చున్నారు. క్లీవన్ వాళ్ళ మధ్య కూర్చుని రొట్టె నములుతూ లెక్కపెడుతున్నాడు.

"బావా, పదకొండు!"

"నోర్ముయ్యరా."

"నువ్వు నోరు మూసుకుని ముక్కుతో ఊదాలి బావా. అదే కదా పాఠం!"

12:40. ఒక్కసారి చేశాను. నెరిస్సా టిక్కు పెట్టింది. రొట్టెల వాళ్ళు చప్పట్లు కొట్టారు.

జూన్ 18, బుధవారం
గాలి ఆగ్నేయం, పన్నెండు నాట్లు.

ఎడమ చెవి పట్టేసింది. చెవి బాగాలేకపోతే దిగకూడదని కోర్సు పుస్తకంలోనే ఉంది, ముప్ఫై ఏడో పేజీ. ఇది సాకు కాదు.

జూన్ 19, గురువారం
కుడి చెవి.

జూన్ 20, శుక్రవారం
గాలి ఆగ్నేయం, పద్నాలుగు నాట్లు. డీజిలు మళ్ళీ ఎక్కువ. బంకువాడు కల్తీ చేస్తున్నాడని నా అనుమానం.

ఇవాళ్టికి సర్టిఫికెట్ రావాలి. నావెల్‌కీ మారైకెకీ వచ్చింది. నావెల్ నాలుగు రోజులుండి పోదామని వచ్చినవాడు. ఇప్పుడు సంచీ విప్పి ఊయల మంచం కట్టుకున్నాడు. మారైకె పడవ టికెట్టు చింపేసింది.

నాకు ఇవాళ వేరే పని ఉంది. నెలాఖరు దగ్గర పడుతోంది కాబట్టి పడవ పనులన్నీ సరిచూడాలి. క్లీవన్‌ని అడిగాను.

"పడవ అడుగు గీకావా?"

"గీకాను బావా. అద్దంలా ఉంది. దిగి చూసుకో."

నవ్వాడు. పనుల పుస్తకంలో 'అడుగు గీకడం: పూర్తి' అని రాసి సంతకం పెట్టాను. పక్కకి వంగి చూశాను కూడా. నీటి గీత దగ్గర శుభ్రంగానే ఉంది.

జూన్ 21, శనివారం
గాలి తూర్పు, తొమ్మిది నాట్లు. ఇక సాకుల్లేవు.

పగడపు దిబ్బ దగ్గర పడవలు కట్టుకునే తేలుడు పీపాకి, అదే బోయకి, వేరే షాపు పడవ కట్టేసి ఉంది. కాబట్టి క్లీవన్ ఇంజను ఆపకుండా చుట్టూ తిరుగుతూ ఉండాలి.

10:20. దిగాను.
10:23. ఎనిమిది మీటర్లు. ఊపిరి మామూలు. మాస్కు మామూలు. నెరిస్సా వేళ్ళు కలిపి సున్నా చూపించింది, అంతా బాగుందని.
10:26. వినబడింది.

ఒక సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నీళ్ళలో శబ్దం ఏ దిక్కు నుంచి వస్తుందో తెలియదు. అన్ని దిక్కుల నుంచీ క్లీవనే వస్తున్నాడు. గేరు పడకముందే రేసు ఇస్తున్నాడు. నా ఇంజను దగ్గుతోంది.

10:27. పైకి వచ్చాను.

"గేరు పడ్డాక ఇవ్వరా రేసు! ఎన్నిసార్లు చెప్పాలి?"

"నువ్వు కిందున్నావు కదా, ఎలా విన్నావు బావా?"

"చేపలు కూడా విన్నాయిరా! చెవులు మూసుకున్నాయి!"

నెరిస్సా పైకొచ్చింది. దాని మొహం వాళ్ళ అమ్మ మొహంలా మారింది.

"మామయ్యా, ఎనిమిది మీటర్ల నుంచి అలా ఎగిరి వస్తే ఊపిరితిత్తులు పగులుతాయి. మొదటి రోజే బొమ్మ గీసి చూపించానా లేదా?"

"చూపించావు."

"ఈ డైవు లెక్కలోకి రాదు."

జూన్ 23, సోమవారం
గాలి తూర్పు, ఏడు నాట్లు.

నెరిస్సా కొత్త ఏర్పాటు. పడవ బోయకి కట్టాలి. ఇంజను ఆపాలి. తాళం చెవి తాడుకి కట్టి నా మెళ్ళో వేయాలి.

"నన్ను నమ్మట్లేదా?" అన్నాడు క్లీవన్.

"నిన్ను కాదు బాబాయ్. మామయ్యని" అంది.

9:40 నుంచి 10:15. మొదటి డైవు. పూర్తి.
11:30 నుంచి 12:10. రెండో డైవు. పూర్తి!

చూసినవి: చేపలు, చాలా. ఒక తాబేలు. ఇక్కడి పగడాలు నిప్పులా ఎర్రగా ఉంటాయని ఇరవై ఆరేళ్ళుగా అందరికీ చెబుతున్నాను. లేవు. ఆ లోతులో ఎరుపు కనబడదట. సముద్రపు దొంగల లంగరు ఒకటి ఉందని కూడా చెబుతుంటాను. మా నాన్న చెప్పాడు. అది ఫ్రిజ్. పచ్చ రంగు, తలుపు లేదు. లోపల ఒక ఈల్ చేప కాపురముంటోంది. నావెల్ దాన్ని వేలితో చూపించి, నన్ను చూపించి, కడుపు పట్టుకున్నాడు. నీళ్ళలో కూడా మనిషి నవ్వగలడు.

ఇంకొకటి. 12:02కి సూటులో వెచ్చగా అయింది. అంతకన్నా రాయను.

పైకొచ్చాక పడవలో ఉన్న సూట్లన్నీ నేనే ఉతికాను. ఎవరూ అడగలేదు. నావెల్ ఒక్కడే దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"కెప్టెన్, అందరం పోస్తాం. ఆ బోర్డు చూస్తేనే వస్తుంది."

జూన్ 24, మంగళవారం
కొత్తగా వచ్చిన సంచీ పిల్లలకి దిబ్బ గురించి చెప్పాను. ఎర్ర పగడాలు మానేశాను. లంగరు ఉంచాను.

జూన్ 25, బుధవారం
గాలి తూర్పు, పది నాట్లు.

మూడో డైవు. పదిహేను మీటర్లు. వేరే షాపు పడవ తల మీదుగా వెళ్ళింది. దాని ఇంజను పంఖా ఒక రెక్క వంగి ఉంది. విన్నాను. పైకి రాలేదు! మెళ్ళో తాళం చెవి పట్టుకుని ఉండిపోయాను.

ఇంకొక్కటే మిగిలింది. ఇర్మా చర్చిలో అందరికీ చెప్పేసింది.

"ఏమయ్యా, ఆ గులాబి సూటు ఇంటికి తెచ్చుకోవచ్చా?" అని అడిగింది. ఎందుకని అడగలేదు.

జూన్ 27, శుక్రవారం
గాలి లేదు. నీళ్ళు గాజులా ఉన్నాయి. ముప్ఫై మీటర్లు చూపు ఆనుతోంది. రోజూ ఇలా ఉండదు. ఇవాళే ఉంది.

నాలుగో డైవు. బ్రిగిటా స్వయంగా పడవ ఎక్కింది. సర్టిఫికెట్ కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చింది. ఇర్మా రెండు కొబ్బరి రొట్టెలు పంపింది.

9:30. దిగాం.
9:41. పద్దెనిమిది మీటర్లు. మాస్కు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఊదాను. ఒక్క ప్రయత్నంలో. నెరిస్సా నీళ్ళలోనే చప్పట్లు కొట్టింది.
10:05. పైకి బయలుదేరాం, నెమ్మదిగా.
10:08. అయిదు మీటర్లు. ఇక్కడ మూడు నిమిషాలు ఆగాలి. ఒంట్లో చేరిన గాలి సర్దుకోవాలి. ఆగడం తప్ప ఏ పనీ లేదు. గంటకోసారి సంచీ పిల్లలు చేసే పని. బోయ తాడు పట్టుకుని ఆగాను.

ఒక నిమిషం.

రెండు నిమిషాలు. నెరిస్సా ఒక వేలు చూపించింది. ఇంకొక్క నిమిషం.

తోచక పైకి చూశాను.

'మిస్ ఇర్మా' సరిగ్గా నా నెత్తి మీద ఉంది. నేను కట్టిన పడవ. నీళ్ళలో ఉండగా దాని అడుగు చూడటం ఇదే మొదటిసారి; ఇదివరకటి డైవుల్లో నా కళ్ళు తాడు మీదే ఉండేవి. నీటి గీత నుంచి జానెడు వెడల్పు అద్దంలా ఉంది. పైనుంచి వంగి చూస్తే ఎంత కనబడుతుందో సరిగ్గా అంత. దాని కింద గడ్డం. మూరెడు పొడవు పాచి, మధ్యలో గుల్లలు, పంఖా చుట్టూ ఎవరిదో వల ముక్క. రెండు చిన్న చేపలు అందులో దాగుడుమూతలాడుతున్నాయి.

డీజిలు ఎక్కడికి పోతోందో తెలిసింది. బంకువాడికి క్షమాపణ చెప్పాలి.

ప్రతి జనవరిలోనూ ఒడ్డుకి లాగినప్పుడు కాస్త పాచి కనబడేది. "రాత్రికి రాత్రి పెరిగింది బావా" అనేవాడు. నేను నమ్మేవాణ్ణి.

10:10, పది సెకన్లు. పైన ఉన్నాను.

"అద్దంరా? అద్దమా ఇది? అందులో చూసుకుని గడ్డం గీసుకుంటావా?"

క్లీవన్ వాచీ చూసుకున్నాడు.

"బావా, నువ్వింకా యాభై సెకన్లు కిందే ఉండాలి కదా!"

నెరిస్సా పైకి వచ్చింది. బ్రిగిటా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. బ్రిగిటా కవరుని సంచీలో పెట్టేసింది. రొట్టెలు మాత్రం అందరూ తిన్నారు.

జూన్ 28, శనివారం
గాలి రాయలేదు. చూడలేదు.

రోజంతా సిలిండర్ల గది గుమ్మంలో కూర్చున్నాను. మంగళవారం నుంచి నా చోటు అదే. మిషన్ చప్పుడుకి సముద్రం వినబడదు. 'మిస్ ఇర్మా' రేవు వదలడం చూశాను. క్లీవన్ గేరు పడకముందే రేసు ఇచ్చాడు.

ఇర్మా అన్నం తెచ్చింది.

"నా అడుగున గడ్డముందని ఊరంతా అరిచావటగా?"

"పడవకే."

"ఊళ్ళో పడవ అనుకోవట్లేదయ్యా. రొట్టెల వాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు." పక్కన కూర్చుంది. "యాభై సెకన్లు. ఇరవై ఆరేళ్ళు పడవ మీద ఆగావు, యాభై సెకన్లు ఆగలేకపోయావు. నా తమ్ముడు వెధవ అని నీకు పెళ్ళినాడే చెప్పానా లేదా?"

"చెప్పావు."

"పాచి సోమవారం దాకా ఎక్కడికీ పోదు. పడవ పోతుంది."

వెళ్ళిపోయింది. నేను బ్రిగిటా గదికి వెళ్ళాను. బతిమాలాను. ఇది మొదటిసారి.

"సోమవారం ముప్ఫయ్యో తేదీ. ఒక్క డైవు. అది కూడా పోతే నేనేం చేయలేను కెప్టెన్" అంది.

జూన్ 29, ఆదివారం
గాలి తూర్పు, ఎనిమిది నాట్లు. రేపు కూడా ఇలాగే ఉంటుంది.

మధ్యాహ్నం నెరిస్సా వచ్చింది. "మామయ్యా, పడవ లేకుండా ఒడ్డు నుంచే దిగుదాం. నీకు కోపం తెప్పించేది ఏదీ ఉండదు."

"పడవ లేకుండా సముద్రంలోకి ఎవరు దిగుతారు?" అన్నాను.

సాయంత్రం క్లీవన్ వచ్చాడు. చేతులు కడుక్కునే వచ్చాడు.

"మొత్తం గీకేశాను బావా. ఈసారి నిజం. అద్దంలా ఉంది."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

వాడు చూశాడు. చెప్పాడు. పంఖా దగ్గర వల ముక్క సంగతి అడిగాను. "ఏ వల?" అన్నాడు.

నిర్ణయాలు, మొదటి నుంచి:
1. రేపు నాలుగో డైవు. ఉదయం 7:30.
2. సాకులు చెప్పను.
3. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు. ఒక్క సెకను తక్కువ కాదు. బోయ తాడు వైపే చూస్తాను. పైకి చూడను.
4. బోర్డు తీసేశాను.

సూటు ఆరింది. తాళం చెవి తాడు మేకుకి తగిలించాను. గీకుడు కత్తి కూడా సూటు జేబులో పెట్టాను. ఊరికే.