ఆ సన్నని దారి

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడేళ్లు. బోథ్ చుట్టుపక్కల పల్లెల్లో ఎందరికో పురుడు పోసినదానివి. నా ఒంట్లో జరిగింది నీకు గాక ఇంకెవరికి ఇంత వివరంగా చెప్పను?

ముట్టుడిగిన ఆరేళ్లకు లంగా మీద నెత్తురు కనిపించింది. మూత్రంలో మంట. ఇన్ఫెక్షనేమోనని నెలల తరబడి మాత్రలు మింగాను. తగ్గకపోయేసరికి కోడలు నన్ను కరీంనగర్ తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ చేత్తోనే తడిమి, మూత్రం వచ్చే నాళం చివర శనగగింజంత గడ్డ ఉందన్నది. తర్వాత సన్నని గొట్టానికున్న కెమెరాను లోపలికి పంపింది.

"జర టీవీల చూడు పెద్దమ్మా, గిదంతా నీ లోపలిదే."

భయపడాల్సిన సమయమది. నేను మాత్రం రెప్ప వేయలేదు. గులాబీ రంగు దారి తడిగా మెరుస్తోంది. దాని అవతల మూత్రసంచి గోడ మీద ఎర్రటి సన్నని నరాలు. ఇన్నేళ్లు మోశాను గానీ ఒక్కసారీ చూడలేదు. నువ్వూ ఎవరి లోపలా కళ్లతో చూసి ఉండవు.

ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది. స్కానింగులో ఇంకెక్కడికీ పాకలేదని తెలిసింది. నాళం చివరి భాగాన్ని గడ్డతో సహా కోసి తీసేశారు.

"మిగిలింది నీకు సాలుతది, మూత్రం ఆపుకుంటవ్," అన్నది డాక్టరమ్మ.

ఆపరేషనప్పుడు మూత్రం పోయేందుకు పెట్టిన పైపును నిన్న తీశారు. బాత్రూం తలుపు అవతల కోడలు నిలబడింది.

"వచ్చిందా అత్తమ్మా?"

"ఇంకా రాలే."

చాలాసేపటికి వచ్చింది, సన్నగా, కొంచెం పక్కకు. నెత్తురు లేదు. ఆపి చూశాను, ఆగింది. వదిలితే మళ్లీ వచ్చింది.

లేచి, ఆ నీళ్లకు దండం పెట్టాను అవ్వా.