చాంది చప్పట్లు

చిరంజీవి ఉదయశ్రీకి నాయిన దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నం. మీ అమ్మ ద్వాలికి మోకాళ్ల నొప్పులు గానీ నోటికి ఏ నొప్పీ లేదు. ఫోనుండంగ ఉత్తరమేంది అనకు. ఫోన్ల అయితే నవ్వుకుంట అబద్ధమాడేస్త. నాది ఏడో తరగతి చదువు, తప్పులుంటే దిద్దుకో. టీచరువి కాబోతున్నవ్ గదా.

నేను ఊడ్చే చెవిటిపిల్లల బడిల డోలున్నదా అని అడిగినవ్. ఉన్నది, ఒకపక్క తోలు ఎలుకలు కొరికినయ్. మా హెడ్ మేడం హాజిరా ఎట్లుంటదంటివి. మంచిదే. కానీ, "రెడ్యా, నీ బిడ్డ బ్యాచు వచ్చినా పిల్లల్ల కదలిక లేకపోతే సంగీతం పీరియడ్ తీసేసి కుట్టుమిషన్లు పెట్టిస్త" అన్నది. సైగల భాష మీ కాలేజీల ఒక్క గంట చెప్పిండ్రని రాసినవ్. ఒక్క గంటల మేక గూడ మాట వినదు బిడ్డా.

డోలు చప్పుడుకు నేల అదిరితే, అది కాళ్లకు తెలిసి మా బడిపిల్ల చాంది చప్పట్లు కొట్టిన వీడియో చూసే ఈ టీచరు చదువుకు పోయిననని ప్రతి ఉత్తరంల రాస్తవ్. ఆ వీడియో కోసం బ్యాంకు కోచింగ్ ఇడిచిపెట్టినవ్.

ఇగ చెప్తున్న, తిట్టుకో. మూడేండ్ల కింద ట్రైనింగుకొచ్చిన పిల్లగాండ్లు పిల్లలకు కనపడకుంట ఎనుక నిలబడి పొద్దటిసంది డోలు బాదిండ్రు. పిల్లలు రాళ్ల లెక్క కూసున్నరు. నాకు చేష్టలెక్కువ గదా. వీడియో తీసేటోళ్ల ఎనుక, పిల్లలకు కనపడేటట్టు కిటికీ బయట నిలబడి దెబ్బ దెబ్బకు చీపురు లేపిన. నన్ను చూసి చాంది చప్పట్లు కొట్టింది. ట్రైనింగోళ్లు అలాయిబలాయి తీసుకున్నరు. నేను కడుపు పట్టుకొని నవ్విన. సాయంత్రం చెప్దామనుకుంటే మేడం నోట్ల లడ్డు పెట్టింది. ఇగ నోరు లేవలే.

అప్పటిసంది ప్రతి బ్యాచు ఆ వీడియో చూసే వస్తున్నది, ఎనుక నిలబడే కొడుతున్నది. పిల్ల అరచెయ్యి డోలు మీద పెట్టాలె, ముందు సైగతో చెప్పాలె అన్న ఆలోచన ఎవ్వరికీ రాలే. పిల్లలు కదలకపోతే "ఆసక్తి లేదు" అని రాసిపోతున్నరు.

మొన్న నేనే చాంది చెయ్యి తీసుకొని తోలు మీద పెట్టి మెల్లగ కొట్టిన. చెయ్యి గుంజుకున్నది. "నాకు రాదు" అని సైగ చేసింది. పన్నెండేండ్ల పిల్ల. ఈ బడిల పిల్లలు ఆ సైగ అందరికన్న జల్దీ నేర్చుకుంటరు.

నిన్న మేడంకు అంతా చెప్పిన. పగలబడి నవ్వింది. "పో రెడ్యా, నీ వేషాలు నాకెరుక లేదా! బిడ్డ వచ్చే ముందు గూడ పరాచికాలేనా?" అన్నది. ఒట్టేసిన. ఇంకా నవ్వింది. ఇన్నేండ్లు అందరినీ ఆటపట్టించిన గదా, నిజం చెప్తే నమ్మేటోళ్లు లేరు.

ఇగ నువ్వొక్కదానివే మిగిలినవ్. నమ్మితే ఆ చదువు మీద నీ మనసు ఇరుగుతది. నమ్మకపోతే సోమవారం వచ్చి నువ్వు గూడ ఆ పిల్లల ఎనుకనే నిలబడి డోలు కొడతవ్.

ఇట్లు,
నీకు మొఖం చూపెట్టలేని నాయిన,
రెడ్యా