చివరి ఎపిసోడ్‌లో మా అమ్మ

నవంబర్ 6, సోమవారం

మా మెయిన్ రైటర్ ప్యో మేడమ్ ఇవాళ బాంబు పేల్చింది. మా వీకెండ్ డ్రామాలో ప్రేమించుకునే ఇద్దరమ్మాయిలున్నారు కదా, చివరి ఎపిసోడ్‌లో ఒకదాన్ని న్యూజిలాండ్ పంపేయమని ఛానెల్ వాళ్ళన్నారట. ఆ ఎయిర్‌పోర్ట్ సీను అసిస్టెంట్ రైటర్‌నైన నేను రాయాలట. మన కొరియా డ్రామాల్లో ఇలాంటివాళ్ళకి రెండే దారులు, చావో విమానమో. చంపలేదు, సంతోషించవే అంది మేడమ్. ఒళ్ళు మండిపోయింది.

ఆ ఇద్దరినీ నేను ఎవర్ని చూసి రాశానో ఆవిడకి తెలీదు. ఒకటి నేను. రెండోది నా-గ్యోంగ్, ఆరేళ్ళుగా నాతో ఒకే ఇంట్లో ఉంటున్న నా మనిషి. అమ్మకి మాత్రం రూమ్మేట్. ఆ పిల్లని నా చేత్తోనే విమానం ఎక్కిస్తే, ఇక అమ్మకి నిజం చెప్పే ధైర్యం నాకు ఈ జన్మకి రాదు.

వేరే ముగింపు రాస్తానన్నాను. నెలాఖరు దాకా టైమిచ్చింది.

నవంబర్ 9

మూడు ముగింపులు రాశాను. మూడూ చెత్త.

నవంబర్ 19, ఆదివారం

ఎపిసోడ్ అయిందో లేదో మా ఊరు గున్సాన్ నుంచి అమ్మ ఫోను. ఎత్తగానే తిట్లు. "మీ మేడమ్‌కి బుద్ధుందా అసలు? ఆ పిల్లలిద్దరూ ఎప్పుడు చూసినా వానలో నిలబడి ఏడవడమేనా? అన్నం తినరా? ఫ్రిజ్‌లో కిమ్చీ డబ్బా ఒక్కటి లేదు, అదేం కాపురమే?"

కాపురం అంది! అమ్మ నోటంట! స్పీకర్లో వింటున్న నా-గ్యోంగ్ చెంబెడు నీళ్ళు పొలమారినట్టు దగ్గింది.

వచ్చే శనివారం చలికాలానికంతా సరిపడా కిమ్చీ, అదే క్యాబేజీ పచ్చడి, పెడుతున్నారట. రావాలట. రూమ్మేట్ పిల్లని కూడా లాక్కు రావాలట, చేతులు చాలడం లేదట.

నవంబర్ 25, శనివారం

నడుం విరిగింది. పెరట్లో ఉప్పులో నానిన క్యాబేజీలు కొండంత. అందరం గులాబీ రంగు రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని ఆకు ఆకుకీ కారం ముద్ద పూయడమే పని. పక్కింటి ఓక్-బున్ పిన్ని మా డ్రామా ఎత్తుకుంది. "ఇద్దరాడపిల్లలు కలిసి కాపురమేంటమ్మా, చోద్యం కాకపోతే!"

అమ్మ తలెత్తకుండానే అంది. "మీ ఆయన ఎన్నడన్నా ఒక్క క్యాబేజీ కడిగిచ్చాడా? ఆ పిల్లలు నయం, ఒకరికొకరు సాయం." పెరడంతా ఒకటే నవ్వు. పిన్నికి కోపమొచ్చి, ఆ వెంటనే తనూ నవ్వేసింది.

నా-గ్యోంగ్ కారం మరీ దట్టంగా పూస్తోందని అమ్మ దాని చేతిమీద ఒక్కటిచ్చింది. ఆ తర్వాత కొత్త కిమ్చీ ఆకులో ఉడికించిన పోర్క్ ముక్క చుట్టి, మొదటి ముద్ద దాని నోట్లోనే పెట్టింది. నాకంటే ముందు. నాకు ఏడుపొచ్చేసింది. కళ్ళలో కారం పడిందని చెప్పి లోపలికి పోయి, చూసినదంతా ఫోన్లో టైపు చేసుకున్నాను.

నవంబర్ 27

రాసేశాను. కూతురు తను ప్రేమించిన పిల్లని కిమ్చీ పెట్టడానికి ఇంటికి తెస్తుంది. బల్ల దగ్గర తల్లికి అంతా చెప్పేస్తుంది. తల్లి లేచి బాత్రూంలోకి పోయి, కొళాయి తిప్పి, చాలాసేపు ఏడుస్తుంది. తిరిగొచ్చి ఆ పిల్లకి ముద్ద పెడుతుంది. మేడమ్ చదివి ముక్కు చీదుకుంది. ఛానెల్ వాళ్ళ సంగతి నేను చూసుకుంటా పో, అంది.

డిసెంబర్ 5

ఫ్లైట్ క్యాన్సిల్!!! ఈ సీను తీయకపోతే చివరి ఎపిసోడ్ మీరే రాసుకోండి అని మేడమ్ అడ్డం తిరిగిందట. ఎయిర్‌పోర్ట్ అద్దె మిగులుతుందని ప్రొడ్యూసర్ కూడా ఖుషీ. నా-గ్యోంగ్ నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. టేబుల్ లైటు పగిలింది. పోతే పోయింది.

డిసెంబర్ 17, ఆదివారం

ప్రసారమైంది. వెంటనే అమ్మ ఫోను.

"ఆ తల్లి నేనే కదా?"

ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"ఆ గ్లవ్స్ నావి. ఆ పెరడు నాది. ఎడాపెడా కారం పూసే పిల్ల మన నా-గ్యోంగ్. అంటే ఆ రెండోది..." ఆగింది.

అప్పుడు అరిచింది చూడు! "నేను బాత్రూంలో కూర్చుని ఏడుస్తానుటే? ఇంటికొచ్చిన పిల్లని ఖాళీ కంచం ముందు కూర్చోబెట్టి పోతానా? ఇన్నాళ్ళూ నా గురించి అనుకున్నది ఇదా? అందుకేనా చెప్పలేదు?"

ఫోన్ పెట్టేసింది. నేను ఏడ్చాను. నా-గ్యోంగ్ నవ్వింది. కాసేపటికి నేను నవ్వుతున్నాను, అది ఏడుస్తోంది.

డిసెంబర్ 23, శనివారం

అమ్మ మొదటి బస్సుకే దిగింది. చెప్పులు విప్పుతూనే, ఆ సీను మళ్ళీ చేద్దాం, ఈసారి సరిగ్గా, అంది. బల్ల దగ్గర కూర్చుంది. నేను చెప్పాను. అమ్మ నా-గ్యోంగ్ వైపు తిరిగి అడిగింది. "ఇది గురక పెడుతుంది కదా, ఆరేళ్ళు ఎలా వేగావే తల్లీ?"

ఒకే టేకు.